అమ్మ గోలి ఆపేసింది, గ్రూపుల ఒకామె పొడి తాగుమంటున్నది

ప్రశ్న: అక్కా నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. మా అమ్మకు 52 ఏండ్లు, ఏడు నెలల సంది చేతి కీళ్లు వాస్తున్నయ్, పొద్దుగాల లేస్తే గంటన్నర దాకా పిడికిలి బిగవది. హన్మకొండల డాక్టర్ రుమటాయిడ్ కీళ్లవాతం అని చెప్పి మెథోట్రెక్సేట్ గోలి రాసిండు. ఫోన్ల ఆ పేరు కొట్టి చూస్తే క్యాన్సర్ మందు అని వచ్చింది, అమ్మ ఏడ్సి రెండు వారాల సంది మింగుతలేదు. ఇగ నేను కీళ్లవాతమోళ్ల వాట్సాప్ గ్రూపుల చేరిన, అండ్ల ఒకామె గోలీలన్ని బందువెట్టి ఏదో పొడి తాగితే మూడు నెలల్ల నయమైందని రాసింది. ఎవల మాట నమ్మాలె?
ఒక బిడ్డ, పరకాల

జవాబు: చెల్లె, తొమ్మిదేండ్ల కింద నేనూ గట్లనే ఏడ్సిన. అదే జబ్బు, అదే గోలి. ఫోన్ల పేరు కొట్టంగనే క్యాన్సర్ అని పడ్డది, ఇంట్లోళ్లు నాకు చెప్పకుండ ఏదో దాస్తున్నరనుకున్న.

ఫోన్ల వచ్చింది అబద్ధం కాదు గానీ సగం ముచ్చటనే. క్యాన్సర్‌కు ఆ మందు గ్రాముల లెక్కన గూడ ఎక్కిస్తరు, మనకిచ్చేది వారానికి ఒక్కసారి, మామూలుగ 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల లోపల. ఒంటిని కాపాడాల్సిన శక్తి దారితప్పి మన కీళ్లమీదనే పడ్తది, దాన్ని అణచనీకె ఆ తక్కువ డోసు. అమెరికాల 1988లనే కీళ్లవాతానికి దీనికి అనుమతి ఇచ్చిన్రు. ఇగముందు వెతికితే మందు పేరొక్కటే కొట్టకు, జబ్బు పేరు గూడ కలిపి కొట్టు. ఇంకోటి, ఇది పని చూపనీకె ఆరు నుంచి పన్నెండు వారాలు పడ్తది, ఈ మాట ఎవరూ చెప్పక మస్తుమంది మధ్యల ఆపేస్తరు.

గ్రూపుల నుంచి మాత్రం బయటికి రాకు. డాక్టర్ దగ్గర మనకు దొరికేది ఐదు నిమిషాలు. గోలి మింగిన తెల్లారి ఒళ్లంత గుంజినట్టయితదని, రాత్రి తిన్నంక మింగి పంటే కడుపుల తిప్పుడు కొంత తక్కువుంటదని, పిండి పిసుకుడు కొడుక్కిచ్చి నువ్వు రొట్టె కాల్చుకో అని నాకు చెప్పింది అదే నొప్పి పడ్డ ఆడోళ్లు. మేం దాన్ని ఆదివారం గోలి అంటం, గోడ క్యాలెండర్ మీద ఆదివారానికి సున్న చుట్టి పెట్టుకుంటం. ఎందుకంటే మా గ్రూపుల ఒకామె చీటీ అర్థంగాక రోజొకటి మింగింది, నోరంత పుండ్లయి రక్తకణాలు పడిపోయి దవాఖానల పడ్డది. వారం గోలి రోజూ మింగితే పానం మీదికొస్తది, ఇది మాత్రం ఇంట్ల అందరికీ చెప్పు.

ఇగ ఆ పొడి సంగతి. ఆమె అబద్ధం చెప్తుందని నేననను. కానీ ఈ జబ్బు దానంతటదే కొన్నాళ్లు తగ్గుతది, మళ్ల లేస్తది, తగ్గినప్పుడు ఏది తాగితే దానికే పేరొస్తది. పేరు లేని పొడులల్ల స్టెరాయిడ్ కలిపిన సంగతులు గూడ బయటపడ్డయ్, అది వాపును తొందరగ దించుతది, వెనక ఎముకలను గుల్ల చేస్తది, షుగర్ పెంచుతది. ఆమెను అడుగు: ఆపి ఎన్ని నెలలైంది, ఇప్పుడు కీళ్లెట్లున్నయ్, రక్తపరీక్ష చేయించినవా? అదే పొడి తాగి గుణం రానోళ్లు ఎక్కడున్నరు? వాళ్లు గ్రూపుల రాయరు, సప్పుడు చేయకుండ పోతరు.

రోగులే లెక్క రాసుకుంటే ఎట్లుంటదో ఒకటి చెప్తా. నరాలు చచ్చుపడి కండలు కరిగిపోయే ఏఎల్‌ఎస్ జబ్బు 1998ల అమెరికాల స్టీఫెన్ హేవుడ్‌కు తేలితే, ఆయన అన్నదమ్ములు 2004ల పేషెంట్స్‌లైక్‌మీ అని రోగుల వేదిక పెట్టిన్రు. 2008ల ఇటలీ నుంచి చిన్న పరిశోధన ఒకటొచ్చింది, లిథియం అనే మందు వాడితే ఆ జబ్బు నెమ్మదైతదని. ఆశతోని దాదాపు 150 మంది వాడిన్రు, ఎట్లున్నదో నెలనెల రాసిన్రు, వాడనోళ్లతోని పోల్చి చూస్తే ఏ లాభం లేదని 2011ల అచ్చైంది. చావు ఎదురుంగ ఉన్నోళ్లు గుణం రాలేదని గూడ దాచకుండ రాసిన్రు, నాకు వాళ్ల మీద శానా గౌరవం.

గ్రూపుల అమ్మ రిపోర్టు పెడ్తే పేరు, ఫోన్ నంబర్ కొట్టేసి పెట్టు. ఈ జవాబు చదివే పడుచు పిల్లలు ఎవరన్న ఈ గోలి మింగుతుంటే, కడుపుల బిడ్డకు ఇది శానా చెడుపు, పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టర్‌తోని మాట్లాడున్రి. ఊళ్లె ఏ జ్వరానికి పోయినా ఈ గోలి నడుస్తున్నదని చెప్పాలె, సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ లాంటి మందు దీంతోని కలిస్తే ప్రమాదం.

రేపు పొద్దుగాలనే డాక్టర్‌కు ఫోన్ చెయ్యి, అమ్మ రెండు వారాల సంది మింగలేదని దాచకుండ చెప్పు, మళ్ల ఎంత నుంచి మొదలువెట్టాలె, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ గోలి ఏ రోజు వేసుకోవాలె, లివర్ పరీక్ష, రక్తకణాల పరీక్ష ఎప్పుడు చేయించాలె అడిగి చీటీ మీద రాసుకో. అమ్మ పక్కన కూసుండి మాట్లాడు, ఆమె చెవులతోని ఆమె వినాలె.