సున్నా వడ్డీ ల్యాప్‌టాప్‌కు రూపాయి వడ్డీ

ప్రశ్న: మాది నరసరావుపేట. మా ఆయన ఆటో విడిభాగాల దుకాణంలో పని చేస్తారు, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మా పెద్దమ్మాయికి ఈఏపీసెట్‌లో సీఎస్ఈ సీటు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కానీ హాస్టల్ ఖర్చు మాదే. రెండో విడత 28 వేలు డిసెంబరులో కట్టాలి. బ్యాంకులో 60 వేలున్నాయి. చీటీ పోను నెలకు 4,500 మిగులుతుంది. కాలేజీవాళ్లిచ్చిన కాగితంలో ఐ7, 16 జీబీ, గ్రాఫిక్స్ కార్డు ఉంటే మంచిదని ఉంది. దుకాణంలో 78 వేల గేమింగ్ ల్యాప్‌టాప్‌ను 18 నెలల వాయిదాల్లో వడ్డీ లేకుండా ఇస్తామంటున్నారు. 48 వేలలో మామూలుది (ఐ5, 8 జీబీ) కూడా ఉంది. అది వాయిదాల్లో అయితే 12 నెలలు, నెలకు 4 వేలు, ప్రాసెసింగ్ రుసుము 199, రొక్కమిస్తే 45,500. కంపెనీల్లో వాడి తీసేసినవి 21 వేలకు దొరుకుతాయని మా తమ్ముడు అంటున్నాడు. వాయిదాలు కూడా వాడి క్రెడిట్ కార్డు మీదే. లక్ష రూపాయల చీటీ ఇంకా తొమ్మిది నెలలుంది, ఇప్పుడు పాడితే 17 వేలు పోతాయట. నా రెండు గాజులు అమ్మేద్దామా అని కూడా అనుకుంటున్నాను. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు గాజులు చేతికి వేసుకోండి. అమ్మాల్సిన అవసరం లేదు. అమ్మేటప్పుడు పాత బంగారమంటూ కొంత కోస్తారు. మళ్లీ కొనుక్కునే రోజున తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్టీ మీ నెత్తినే పడతాయి. నాలుగేళ్లు తిరిగేసరికి పాతబడిపోయే వస్తువు కోసం చేయాల్సిన బేరం కాదిది. ఆ గాజులతో ఇంకో పని ఉంది, చివర్లో చెబుతాను.

78 వేలదాన్ని ఒక్క లెక్కతో పక్కన పెట్టేయవచ్చు. 18 వాయిదాలంటే నెలకు 4,333 రూపాయలు. మీకు మిగిలేది 4,500. అంటే ఏడాదిన్నర పాటు మీ ఇంట్లో మిగులు నెలకు 167 రూపాయలు. ఆ మధ్యలో కుట్టుమిషను మోటారు కాలిపోతే? డబ్బు సంగతి అటుంచినా, అది మీ అమ్మాయికి తగిన యంత్రం కాదు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు రెండు కిలోల పైమాటే. ఛార్జర్ ఒక్కటే అర కిలో దాకా ఉంటుంది. ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది కాబట్టి పిల్లలు ప్లగ్గు ఉన్న బల్ల కోసం క్లాసంతా వెతుక్కుంటారు. మొదటి ఏడాది చేయించేది సి భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు. వాటికి ఎనిమిదేళ్ల నాటి కంప్యూటర్ కూడా సరిపోతుంది. మూడో ఏడాదిలో మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టుకు గ్రాఫిక్స్ కార్డు కావాల్సి వస్తే గూగుల్ కోలాబ్, కాగుల్ వంటి వెబ్‌సైట్లలో పరిమితులతోనైనా ఉచితంగా దొరుకుతుంది. విద్యార్థి స్థాయి పని వాటితో గడిచిపోతుంది. కాలేజీ కాగితంలో ‘ఉంటే మంచిది’ అని ఉందని మీరే రాశారు. తప్పనిసరి అని లేదు. ఆ రెండు మాటలకు మధ్య మీ విషయంలో 30 వేల తేడా ఉంది.

ఇక ‘వడ్డీ లేని’ వాయిదాల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. కార్డు మీద వాయిదాలు పెట్టినప్పుడు బ్యాంకు వడ్డీ వేసుకుంటుంది. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మేవాళ్లు ధరలో తగ్గించినట్లు చూపిస్తారు, అంతే. మీ 48 వేల ల్యాప్‌టాప్‌నే తీసుకుందాం. బ్యాంకు వడ్డీ ఏడాదికి 16 శాతం అనుకుంటే, కార్డు మీద అప్పుగా పడేది దాదాపు 44,100. మిగిలిన 3,900 వడ్డీ. రెండూ కలిపితే నెలకు నాలుగు వేల చొప్పున పన్నెండు నెలల్లో 48 వేలు. ఇంతవరకు దుకాణదారు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది, అదొక 700. ప్రాసెసింగ్ రుసుము జీఎస్టీతో కలిపి 235. వీటికన్నా పెద్దది, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇంకోటుంది: రొక్కమిస్తే తగ్గే 2,500. వాయిదాలు ఎంచుకోగానే అది పోయింది. మూడూ కలిపితే దాదాపు 3,400.

పెద్ద మొత్తమేమీ కాదు అనిపించవచ్చు. కానీ 45,500 అప్పు ఏడాది పొడవునా అలాగే ఉండదు కదా, నెలనెలా తీరుతూ ఉంటుంది. తరుగుతున్న అప్పు మీద లెక్క వేస్తే ఇది ఏడాదికి 14 శాతం దాకా తేలుతుంది. మన భాషలో చెప్పాలంటే నూటికి రూపాయి పదిహేను పైసల వడ్డీ. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడం కన్నా ఇది నయమే, ఆ మాట కాదనను. వడ్డీ లేదన్న మాటనే కాదంటున్నాను.

తమ్ముడి కార్డు అన్నారు కాబట్టి ఇంకో మాట. ఆ అప్పు అతని పేరు మీద నమోదవుతుంది. ఒక నెల మీ డబ్బు నాలుగు రోజులు ఆలస్యమై, అతను కూడా సర్దలేకపోతే, కార్డుల మీద పడే వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం. అంటే మూడున్నర రూపాయల వడ్డీ. దెబ్బ అతని క్రెడిట్ స్కోరుకు, మాట పడేది మీరు. అక్కాతమ్ముళ్ల మధ్య ఇలాంటివి ఎంత తక్కువుంటే అంత మంచిది.

చీటీ పాడితే మాత్రం మరీ ఖరీదు. ఆఖరిదాకా ఆగినా నిర్వాహకుడి కమీషన్ అయిదు శాతం పోగా మీకు వచ్చేది 95 వేలు. ఇప్పుడు పాడితే 83 వేలు. తొమ్మిది నెలలు ముందుగా అందుకున్నందుకు 12 వేలు వదులుకుంటున్నారు. లెక్కిస్తే రూపాయి అరవై పైసల వడ్డీ. అదైనా మీకు కావలసిన 45 వేల మీద కాదు, మొత్తం 83 వేల మీద. దోసెడు నీళ్లకు చెరువు గండి కొట్టినట్లు అవుతుంది. చీటీని దాని దారిన పోనివ్వండి. వచ్చే ఏడాది హాస్టల్ ఫీజుకు అదే దిక్కు.

వాడిన ల్యాప్‌టాప్ గురించి మీ తమ్ముడు చెప్పింది కొట్టిపారేయదగ్గది కాదు. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసే లాటిట్యూడ్, థింక్‌ప్యాడ్, ఎలీట్‌బుక్ రకాలు గట్టివి. కీబోర్డు విషయంలో కొన్ని కొత్త చవక రకాల కన్నా మెరుగు. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. అంతకు ముందుదైతే 12 వేలకిచ్చినా వద్దు.

ఇంకోటి బ్యాటరీ. నిరుడు మా మేనల్లుడి కోసం ఒక దుకాణానికి వెళ్లాను. పైకి అద్దంలా ఉంది, మూత మీద గీత కూడా లేదు. ‘మూడు గంటలు వస్తుంది సార్’ అన్నాడు అమ్మే కుర్రాడు. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ తీసే ఆదేశం ఒకటుంది, అది కొట్టించాను. డిజైన్ కెపాసిటీ అని ఒక వరుస, దాని కింద ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని ఇంకో వరుస. పైన 60,000, కింద 27,000. అంటే కొత్తప్పుడు అయిదు గంటలు వచ్చేది ఇప్పుడు రెండు గంటల పైన కాస్త. ఆ కాగితం చూపించగానే కుర్రాడు మాట్లాడకుండా ధర రెండు వేలు తగ్గించాడు. మేం తీసుకోలేదనుకోండి. కొత్త బ్యాటరీకి ఆ రెండు వేలు చాలవు.

మీ అమ్మాయి సొంత ఊళ్లో ఉండి చదువుకుంటే 21 వేలదే తీసుకోమనేవాణ్ని. హాస్టల్లో ఒక్కతే ఉంటుంది, చెడిపోతే బాగు చేయించడానికి తిరగాల్సింది తనే. కంపెనీ వారంటీ లేని యంత్రాన్ని పద్దెనిమిదేళ్ల పిల్ల చేతికిచ్చి మొదటి పరీక్షల ముందు కంగారు పడటం నాకిష్టం లేదు. ఇది లెక్క కాదు, నా అభిప్రాయం. మీ తమ్ముడు కంప్యూటర్ విప్పి చూడగలిగినవాడైతే మీరు వేరేగా అనుకోవచ్చు.

కాబట్టి మిగిలింది 45,500. అది కూడా ఈ వారమే కొనకండి. క్లాసులు మొదలై, ల్యాబులు ఎప్పుడుంటాయో తెలిసి, రెండో ఏడాది పిల్లలు నలుగురితో మాట్లాడాక కొనమనండి. వాళ్లకు నచ్చినవే కాకుండా కొని పశ్చాత్తాపపడినవి కూడా అడిగి తెలుసుకోమనండి. సెమిస్టర్ మొదట్లో కాలేజీ ల్యాబు సరిపోతుంది. ఈలోగా ఆగస్టు 15 తగ్గింపులు కూడా వస్తాయి. దసరా దాకా ఆగితే ఇంకా తగ్గవచ్చు కానీ, మెమరీ చిప్‌ల ధరలు 2025 చివరి నుంచి పెరిగి ఉన్నాయి కాబట్టి నేను మరీ ఆగమనను.

దుకాణంలో చూడాల్సినవి ఎక్కువేమీ లేవు. 8 జీబీ మెమరీ అన్నారు, అదనంగా ఇంకో 8 వేసుకునే ఖాళీ స్లాట్ ఉందా అని అడగండి. కొన్నింటిలో మెమరీ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేరు. అలాంటిదైతే 16 జీబీ ఉన్నదే కావాలి. స్టోరేజీ ఎస్ఎస్‌డీ కావాలి, ఈఎంఎంసీ అనే నెమ్మది రకమైతే వద్దు. తెర ఫుల్ హెచ్‌డీ. బరువు 1.7 కిలోలు దాటకూడదు. ‘ఇంతకన్నా కొత్తది, ఇంతకన్నా చవక’ అని ఇంకోటి చూపిస్తే ప్రాసెసర్ అంకె పూర్తిగా రాయించుకోండి. రైజెన్ 5 7520యూ అనేది ఉంది. పేరులో 7 చూసి కొత్తదనుకుంటాం. కానీ అందులో మూడో అంకె 2, అంటే లోపలి నిర్మాణం 2019లో వచ్చిన జెన్ 2. ఐ3 ఎన్305 కూడా అంతే, పేరు ఐ3 కానీ అందులో లెక్కలు చేసే భాగాలన్నీ (కోర్లు) తక్కువ శక్తి గల చిన్నవే. పాఠాలు చూడటానికి సరే, నాలుగేళ్ల సీఎస్ఈకి నేను ఎంచను.

బిల్లు వేసేటప్పుడు ఆఫీసు సాఫ్ట్‌వేర్, యాంటీవైరస్, బ్యాగు అని నాలుగైదు వేలు కలుపుతారు. యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంది. ఆఫీసు సాఫ్ట్‌వేర్ చాలా కాలేజీల మెయిల్ ఐడీతో ఉచితంగా వస్తుంది, రాకపోతే లిబ్రేఆఫీస్ ఎప్పుడూ ఉచితమే. ప్రోగ్రాములు రాసుకునే సాధనాలకు పైసా అక్కర్లేదు. నేను డబ్బు పెట్టమనేది ఒక్కదానికే: కింద పడినా, టీ ఒలికినా బాగు చేసిచ్చే తయారీ కంపెనీ సొంత రక్షణ పథకం. అదీ ఏడాదికి వెయ్యిన్నర, రెండు వేల లోపు వస్తేనే. దుకాణం సొంతంగా అమ్మే వారంటీ కాగితం వద్దు.

ఇప్పుడు గాజుల సంగతి. 60 వేలలో నుంచి 25,500 తీయండి. మిగతా 20 వేలకు ఒక గాజు బ్యాంకులో తాకట్టు పెట్టండి. ఇప్పటి బంగారం ధరకు ఆ మొత్తానికి ఒక గాజు కూడా ఎక్కువే. ప్రైవేటు తాకట్టు దుకాణం కాదు, మీకు ఖాతా ఉన్న బ్యాంకే. గడువు కన్నా ముందు కొంచెం కొంచెంగా కట్టుకోవచ్చా, దానికి రుసుమేమైనా ఉందా అని సంతకానికి ముందే అడగండి. నెలకు నాలుగు వేల చొప్పున అయిదు నెలల్లో తీరిపోతుంది. పది శాతం వడ్డీ అనుకున్నా అయ్యేది 500. విలువ కట్టే రుసుము, ప్రాసెసింగ్ కలిపినా వెయ్యికి అటూ ఇటూ. వాయిదాల్లో పోయే 3,400తో పోల్చి చూసుకోండి.

డిసెంబరుకు మీ ఖాతాలో 36 వేల చిల్లర ఉంటుంది. హాస్టల్‌కు 28 వేలు పోతే ఎనిమిది వేల చిల్లర. ఆ నెల, ఆ మరుసటి నెల కాస్త బిగువుగానే ఉంటుంది, దాచను. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై కాలేజీవాళ్లు ముందు మీరే కట్టమంటే ఇంకా బిగువవుతుంది. అప్పుడు కూడా చీటీ జోలికి వెళ్లకండి, రెండో గాజు ఇంట్లోనే ఉంది కదా. జనవరిలో మొదటిది విడిపించుకున్నాక ఆ నాలుగు వేలు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేయడం మొదలుపెట్టండి.

బిల్లు అమ్మాయి పేరు మీద తీసుకోండి. దాని మీద జీఎస్టీ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే సరిచూడండి. ఆ సీరియల్ నంబరును అక్కడే ఫోనులో కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడమనండి. వారంటీ ఆ రోజు నుంచి కాకుండా నాలుగు నెలల కిందటి నుంచి మొదలైనట్లు చూపిస్తే, డబ్బు ఇంకా మీ చేతిలోనే ఉంది కాబట్టి వేరే పెట్టె తెమ్మనండి.