ఇద్దరు అభ్యర్థులూ నచ్చనప్పుడు ఎవరు గెలుస్తారు? మిషిగన్‌లో చూసింది చెప్తాను

ప్రశ్న ఇది: "అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డ ఇద్దరూ జనానికి నచ్చకపోతే, ఎవరి మీద వ్యతిరేకత తక్కువుందో చూసి వాళ్లే గెలుస్తారని చెప్పేయొచ్చా?"

చెప్పలేమండీ. 2016 అమెరికా ఎన్నికలే సాక్ష్యం. సర్వే సంస్థ గ్యాలప్ చివరి సర్వేలో రిపబ్లికన్ అభ్యర్థి ట్రంప్ నచ్చలేదన్నవాళ్లు 61 శాతం, డెమొక్రటిక్ అభ్యర్థి హిల్లరీ క్లింటన్ నచ్చలేదన్నవాళ్లు 52 శాతం. ఆ సంస్థ ఈ ప్రశ్న అడగడం మొదలుపెట్టాక రెండు పెద్ద పార్టీల అభ్యర్థులకూ ఒకేసారి ఇంత చెడ్డ మార్కులు ఎప్పుడూ రాలేదు. మీ లెక్క ప్రకారం హిల్లరీ గెలవాలి. దేశం మొత్తం మీద ఆవిడకే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి కూడా. కానీ ఇక్కడ లెక్క రాష్ట్రాల వారీగా నడుస్తుంది. దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లకే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ వెళ్తాయి. మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లలో కనీసం 270 రావాలి. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా, ఈ మూడూ కలిపి 78 వేల లోపు ఓట్ల తేడాతో ట్రంప్‌కి వెళ్లాయి. పని అక్కడ అయిపోయింది.

నేనుండేది డెట్రాయిట్ శివార్లలో. మిషిగన్‌లో ఆయన మెజారిటీ 10,704. మన దగ్గర ఒక అసెంబ్లీ సీటులో ఇంతకంటే పెద్ద మెజారిటీలు మామూలే. ఇది కోటి మంది ఉన్న రాష్ట్రం.

ఆ రోజుల్లో పని మీద డెట్రాయిట్ పక్కనే ఉన్న మకోంబ్ కౌంటీలోని ఒక ప్లాంటుకు తరచూ వెళ్లేవాడిని. అక్కడివాళ్లలో యూనియన్ సభ్యులు చాలామంది, రెండుసార్లూ ఒబామాకు ఓటేసినవాళ్లే. లంచ్ టేబుల్ దగ్గర ట్రంప్‌ని వెనకేసుకొచ్చినవాడు నాకు పెద్దగా కనబడలేదు. నోటి దురుసు, ఆడవాళ్ల గురించి మాటలు, వ్యాపారంలో దివాలాలు, అన్నీ వాళ్లే ఏకరువు పెట్టేవాళ్లు. హిల్లరీ పేరు ఎత్తగానే మాత్రం గొంతు మారేది. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టాను అమలు చేసే చట్టం మీద 1993లో సంతకం పెట్టింది ఆవిడ భర్త, అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్. మూతబడ్డ ప్రతి ఫ్యాక్టరీనీ ఈ ఊళ్లలో ఆ ఒప్పందం ఖాతాలోనే వేస్తారు. అది ఎంతవరకు న్యాయం అన్నది వేరే చర్చ. ఒకాయన నాతో అన్నమాట: "అతను వస్తే ఏం చేస్తాడో తెలియదు. ఆవిడ వస్తే ఏమీ చేయదని తెలుసు."

నా లెక్కంతా ఈ మాట దగ్గరే మొదలవుతుంది. ఇద్దరి మీదా అయిష్టం ఉన్నా, రెండూ ఒక రకం కాదు. ఒకరి మీద ఉన్నది భయం, ఇంకొకరి మీద ఉన్నది విసుగు. ఉన్న పరిస్థితితో విసిగిపోయినవాడు భయాన్ని మింగుకుని తెలియనివాడికే ఓటేసే అవకాశం ఎక్కువ. ఎగ్జిట్ పోల్‌లో ఇద్దరూ నచ్చలేదన్న ఓటర్లు 18 శాతం. వాళ్లలో 47 శాతం ట్రంప్‌కి, 30 శాతం హిల్లరీకి వేశారు. 2008లోనూ 2012లోనూ ఒబామా వైపున్న మకోంబ్‌లో ట్రంప్‌కి 48 వేల ఆధిక్యం వచ్చింది. కాబట్టి ఎంతమందికి నచ్చలేదని కాకుండా, ఎందుకు నచ్చలేదని అడగాలి. ఎనిమిదేళ్లుగా అధికారంలో ఉన్న పార్టీ అభ్యర్థికి ఈ విసుగు పోటు ఎక్కువ తగులుతుంది.

రెండో సంగతి, నచ్చనివాళ్లందరూ అవతలివాళ్లకు వేయరు. ఆ అక్టోబర్‌లో మా వైపు ఒక స్థానిక అభ్యర్థి కోసం కొందరం ఇంటింటికీ తిరిగాం. మేము స్కూళ్ల గురించి మాట్లాడబోతే, వాళ్లు అడక్కుండానే అధ్యక్ష ఎన్నికల మీదికి వెళ్లిపోయేవాళ్లు. "కింది పదవులకు వేస్తాను, పైది ఖాళీ వదిలేస్తాను" అన్నవాళ్లు తగిలారు. అప్పుడు అది కోపంలో అన్నమాటే అనిపించింది. ఫలితాలొచ్చాక చూస్తే మిషిగన్‌లో 75 వేలకు పైగా బ్యాలెట్లలో అధ్యక్ష పదవి గడి ఖాళీగా ఉంది! గెలుపు తేడాకు ఏడు రెట్లు. మనకున్న నోటా ఇక్కడ లేదు, కాబట్టి జనం ఇలా సొంత నోటా తయారుచేసుకున్నారు. నెవాడా ఒక్కటే వేరు. అక్కడ "వీళ్లెవరూ కాదు" అన్న గడి బ్యాలెట్ మీదే ఉంటుంది. హిల్లరీ నెవాడాను 27,202 ఓట్లతో గెలిస్తే, ఆ గడికి పడ్డవి అంతకంటే ఎక్కువ.

మూడో పార్టీ సంగతీ అంతే. గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కి మిషిగన్‌లో 51 వేల ఓట్లు వచ్చాయి. అవన్నీ హిల్లరీవేనని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను, స్టైన్ పోటీలో లేకపోతే సగం మంది ఇంట్లోనే ఉండేవాళ్లేమో. అసలు దెబ్బ డెట్రాయిట్ నగరం ఉన్న వేన్ కౌంటీలో తగిలింది. 2012లో ఒబామాకు అక్కడ 5.95 లక్షల ఓట్లు, హిల్లరీకి 5.19 లక్షలు. జనాభా తగ్గడం కొంత కారణమే. అయినా పోయిన 76 వేలల్లో ట్రంప్‌కి చేరినవి కొన్నే, రిపబ్లికన్లకు అక్కడ పెరిగినవి సుమారు 15 వేలు.

మన తెలుగువాళ్ల సంగతి అడుగుతారేమో. అక్టోబర్ 15న న్యూజెర్సీ ఎడిసన్‌లో భారతీయుల సభకు ట్రంప్ వచ్చారు, "అబ్‌కీ బార్ ట్రంప్ సర్కార్" ప్రకటన కూడా వచ్చింది. ఇక మన వాట్సాప్ గ్రూపుల్లో కురుక్షేత్రమే. హెచ్-1బీ ఏమవుతుందో అని టెన్షన్ పడి తెల్లవార్లూ వాదించినవాళ్లలో చాలామందికి అసలు ఓటు లేదు. గ్రూపులో గొంతెత్తేవాళ్లను చూసి అంచనా వేస్తే ఏమీ తేలదు.

ఇక అంచనాల ఘనత. ఎన్నికల అంచనాలు వేసే ఫైవ్‌థర్టీఎయిట్ (538) వెబ్‌సైట్ ట్రంప్‌కి సుమారు 29 శాతం అవకాశం ఇచ్చింది, అది నా దృష్టిలో నిజాయితీ గల లెక్క. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ శామ్ వాంగ్ మాత్రం ట్రంప్‌కి 240 దాటి ఎలక్టోరల్ ఓట్లు వస్తే పురుగు తింటానన్నారు. ఆ తర్వాత టీవీలో కీచురాయిని తేనెలో ముంచి తిన్నారు. మాట మీద నిలబడ్డారు, ఒప్పుకోవాలి.

చివరి రోజుల్లో వార్తల్లో ఎవరున్నారన్నది కూడా చూడాలి. అక్టోబర్ 7న ట్రంప్ ఆడవాళ్ల గురించి అసభ్యంగా మాట్లాడిన పాత టేపు బయటపడింది. అప్పుడే పోలింగ్ జరిగి ఉంటే కథ వేరేమో. అక్టోబర్ 28న అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ కోమీ, హిల్లరీ విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు సొంత సర్వర్‌లో వాడిన ఈమెయిళ్ల విచారణ మీద అమెరికా కాంగ్రెస్‌కు లేఖ రాశారు. పోలింగ్‌కు 11 రోజులే ఉంది, చర్చంతా హిల్లరీ మీదికి మళ్లింది. ఇద్దరూ నచ్చనివాడు చివర్లో ఎవరి మీద చిరాకు పడితే వాళ్లకు నష్టం.

ఇదంతా అన్ని దేశాలకూ అతకదు. పెరూలో 2021 మొదటి రౌండ్‌లో పెడ్రో కాస్తిల్లోకి 19 శాతం, కేకో ఫుజిమోరికి 13 శాతం వచ్చాయి. అంటే మూడింట రెండొంతుల మంది ఇద్దరినీ కోరుకోలేదు. అయినా అక్కడ ఓటు తప్పనిసరి, వేయకపోతే జరిమానా. ఇంట్లో కూర్చునే దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఆ ఇద్దరి మధ్యే జరిగిన రెండో రౌండ్‌లో కాస్తిల్లో 44 వేల ఓట్లతో బయటపడ్డారు.

అమెరికా వరకు నన్నడిగితే, సర్వేల కంటే ముందు ప్రైమరీలు, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి పెట్టే ఓటింగ్, చూడండి. 2016 మార్చిలో మిషిగన్ డెమొక్రటిక్ ప్రైమరీలో హిల్లరీ 20 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారని సర్వేలు చెప్పాయి, గెలిచింది బెర్నీ సాండర్స్. 2024 ఫిబ్రవరిలో అదే ప్రైమరీలో అప్పటి అధ్యక్షుడు బైడెన్‌కి పెద్ద పోటీయే లేకపోయినా, గాజా యుద్ధం మీద కోపంతో లక్ష మందికి పైగా "ఎవరికీ కట్టుబడలేదు" అన్న గడికి ఓటేశారు. జూలైలో అభ్యర్థి మారి కమలా హారిస్ వచ్చారు, కోపం మాత్రం పోలేదు. అరబ్ అమెరికన్లు ఎక్కువగా ఉన్న డియర్‌బోర్న్‌లో కూడా నవంబర్‌లో ట్రంపే ముందు నిలిచారు. రాష్ట్రంలో హారిస్ ఓడింది 80 వేల ఓట్లతో.