చెత్త సినిమాలపై నవ్వించే సమీక్షలు చూడదగినవేనా?

బాగాలేని సినిమాను ఆటపట్టిస్తూ గంటకు పైగా సాగే సమీక్షలు చూడటం వల్ల ఉపయోగం ఏమైనా ఉందా, ఆ సమయంలో ఒక మంచి సినిమానే చూసుకోవచ్చు కదా అని మీరు అడిగారు. ఇటువంటి సమీక్షలను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఏళ్ల తరబడి ఇష్టంగా చూస్తున్న అనుభవంతో చెబుతున్నాను: వాటిలో కొన్ని మంచి సినిమా ఇచ్చేంత తృప్తినీ, సినిమా ఎలా తయారవుతుందన్న అవగాహననూ ఇస్తాయి. మిగిలినవాటిని ఐదు నిమిషాల్లోనే ఆపేయవచ్చు. ఈ రెంటినీ వేరుచేయడానికి నేను ముందుగా చూసేది, అందులోని జోకు ఆ సినిమాకు మాత్రమే చెల్లుతుందా, లేక పేరు మార్చి ఏ సినిమాకైనా తగిలించవచ్చా అన్నదే.

మొదటి రకానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ‘మానోస్: ద హ్యాండ్స్ ఆఫ్ ఫేట్’ అనే అమెరికన్ సినిమా మీద వచ్చిన హాస్యం. టెక్సాస్ రాష్ట్రంలోని ఎల్ పాసో నగరంలో ఎరువులు అమ్ముకునే హెరాల్డ్ వారెన్ అనే ఆయన, భయానక చిత్రం తాను కూడా తీయగలనని పందెం కాసి 1966లో దీన్ని తీశారు. ఆయన వాడిన, కీ తిప్పితే నడిచే చేతి కెమెరాలో ఒక షాటు 32 సెకన్లకు మించి రాదు. షూటింగులో మాటలు రికార్డు చేయలేదు కాబట్టి, తరువాత కొద్దిమందే కూర్చుని అన్ని పాత్రలకూ డబ్బింగ్ చెప్పారు. ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ అనే టీవీ కార్యక్రమం 1993లో ఈ సినిమాను ఎంచుకుంది. 1988లో మినియాపొలిస్‌లోని ఒక స్థానిక చానల్‌లో మొదలైన ఆ కార్యక్రమంలో ఒక మనిషీ రెండు రోబోలూ తెర అడుగున నీడల్లా కూర్చుని, సినిమా నడుస్తుండగానే వ్యాఖ్యానిస్తూ ఉంటారు.

ఆ సినిమాలో ఒక చోట తుపాకీ చప్పుడు విని పోలీసులు కారు దిగుతారు, చీకట్లోకి నాలుగడుగులు వేస్తారు, అటూ ఇటూ చూసి మళ్లీ కారెక్కి వెళ్లిపోతారు. కడుపుబ్బ నవ్విన తరువాత, వాళ్లు అంత త్వరగా ఎందుకు వెనుదిరిగారా అని వెతికి చదివాను. ఇంకాస్త ముందుకు నడిస్తే చూపించడానికి సరిపడా లైట్లు సినిమా తీసినవాళ్ల దగ్గర లేవు. రాత్రి దృశ్యాల్లో ఆ ఉన్న లైట్ల వెలుగుకు ముసిరిన పురుగులు కూడా తెర మీద కనిపిస్తాయి. ఆ తరువాత ఏ సినిమాలో రాత్రి దృశ్యం వచ్చినా, వెలుగు ఎటు నుంచి పడుతోందో గమనించడం నాకు అలవాటైంది. ఏ పాఠ్యపుస్తకమూ నాకు ఇంత సులువుగా ఈ పాఠం చెప్పలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ సినిమాలో నటించిన చిన్నపాప తొలి ప్రదర్శన రోజున, తన పాత్ర నోట పెద్దవాళ్ల గొంతు వినబడేసరికి ఏడ్చేసిందట. పెద్దయ్యాక ఆమే ఈ మాట చెప్పారు. ఆ డబ్బింగ్ మీద జోకు వేస్తే నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే అది తీసినవారి నిర్ణయం; ఆ పసిదాని మీద వేస్తే మాత్రం భరించలేను. సమీక్షకుడి మనసు ఎలాంటిదో అక్కడే తెలిసిపోతుంది.

పాత్రల గురించి నేర్పిన సమీక్ష మరొకటి ఉంది. 1999 నాటి స్టార్ వార్స్ చిత్రం మీద రెడ్ లెటర్ మీడియా అనే అమెరికన్ సమీక్షకుల బృందం వారు 2009లో యూట్యూబులో పెట్టిన ఆ సమీక్ష దాదాపు 70 నిమిషాలు సాగుతుంది. అందులో కొందరిని కూర్చోబెట్టి, ఫలానా పాత్ర రూపం, దుస్తులు, వృత్తి ప్రస్తావించకుండా ఆ పాత్ర ఎలాంటిదో వర్ణించమని అడుగుతారు. పాత చిత్రాల్లోని హాన్ సోలో గురించి వాళ్లు గడగడా చెబుతారు, కొత్త చిత్రంలోని క్వై-గాన్ జిన్ దగ్గరకు వచ్చేసరికి తడుముకుంటారు. మా తమ్ముడూ నేనూ ఇదే పరీక్షను అప్పుడే చూసి వచ్చిన ఒక తెలుగు సినిమా కథానాయికకు పెట్టాం. “అల్లరిపిల్ల అన్నయ్యా” అన్నాడు వాడు, ఆ తరువాత ఎంత ఆలోచించినా మా ఇద్దరికీ ఇంకో మాట దొరకలేదు. అయితే ఆ సమీక్షలో హంతకుడైన ముసలివాడి వేషంలో చెప్పే మోటు హాస్యం కూడా చాలా ఉంది. ఆ భాగాలను నేను దాటేస్తాను, పిల్లలు పక్కన ఉంటే అసలు పెట్టను.

మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. ముళ్లపూడి వెంకటరమణ గారు ఆంధ్రపత్రికలో చురుకైన హాస్యంతో సినిమా సమీక్షలు రాసి, తరువాత తామే చిత్ర రచయిత అయ్యారు. సినిమా మీద ప్రేమ ఉన్నవారి వెక్కిరింతకూ లేనివారి వెక్కిరింతకూ చాలా తేడా ఉంటుంది. ఇప్పటి తెలుగు ట్రోల్ వీడియోలలో అధికభాగం నాకు నచ్చకపోవడానికి కారణం కూడా అదే. ప్రతి పది సెకన్లకూ బ్రహ్మానందం గారి ముఖాన్ని అతికిస్తే నవ్వు వస్తుంది, కాని ఆ నవ్వు బ్రహ్మానందం గారిది. ఆ వీడియో చేసినవాడు సినిమా గురించి చెప్పింది ఏమీ ఉండదు. హీరో వయసు, హీరోయిన్ బరువు, కులం, ఒక హీరో అభిమానులు మరొక హీరో మీద తీర్చుకునే పగ, వీటిలో ఏది మొదలైనా నేను వెంటనే ఆపేస్తాను.

విడుదలైన వారంలోనే వచ్చే సమీక్షల విషయంలో మాత్రం, సినిమా చూసే ఆలోచన ఏమాత్రం ఉన్నా ముందు సినిమానే చూడండి. 2010లో ‘ఖలేజా’ వచ్చినప్పుడు థియేటర్లలో ఆశించినంతగా ఆడలేదు, తరువాత టీవీలో చూసి చూసి జనం దాన్ని సొంతం చేసుకున్నారు, 2025లో మళ్లీ విడుదల చేస్తే హాళ్లకు తరలివచ్చారు. మొదటి వారంలో ఎవరో నవ్విస్తూ చెప్పిన తీర్పు మనసులో నాటుకుంటే, అలాంటి సినిమాలోని సంభాషణలు కూడా చెవికెక్కవు.

‘మానోస్’ వంటి వాటితో ఆ భయం లేదు, వాటిని నేరుగా సమీక్షతోనే చూడవచ్చు. మీరు అక్కడి నుంచే మొదలుపెట్టండి. అమెరికన్ టీవీ ప్రస్తావనలు కొన్ని అర్థం కాకపోవచ్చు కాని, సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే కథ విషయంలో ఇబ్బంది ఉండదు. మొదట్లో కారు ప్రయాణం చాలాసేపు సాగుతుంది, అక్కడ కొంచెం ఓపిక పట్టండి.