కమాండర్ పెద్దా, కెప్టెన్ పెద్దా?

సందేహం: అంతరిక్షనౌకలో జరిగే ఒక ఇంగ్లీషు కథను ఒక మాసపత్రిక కోసం తెలుగు చేస్తున్నాను. ఓడ బాధ్యత చూసే అధికారిని రచయిత ఒకచోట కమాండర్ అనీ, మరోచోట కెప్టెన్ అనీ అంటాడు. మధ్యలో ఒక అడ్మిరల్ ఓడ ఎక్కుతాడు. అక్కడి నుంచి ఆజ్ఞ ఎవరిదో నాకు అంతుపట్టడం లేదు. వీరిలో ఎవరు పెద్ద? గొడవ లేకుండా అన్నిచోట్లా 'నౌకాధిపతి' అని రాయవచ్చా? అతడు పదవిలోకి వచ్చిన సందర్భంలో 'ఓడ చుక్కాని చేపట్టాడు' అని రాశాను. అది సరైన ప్రయోగమేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: కమాండర్ అన్న మాటలోనే ఆజ్ఞ ఉంది కాబట్టి అతడే పెద్దవాడని అనిపించడం సహజం. నౌకాదళంలో మాత్రం కమాండర్ కంటే కెప్టెన్ ఒక మెట్టు పైన ఉంటాడు. భారత నౌకాదళంలో సబ్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్, కెప్టెన్, కొమొడోర్, ఆపైన అడ్మిరల్ స్థాయులు, ఇదీ వరుస. సైన్యంలో కెప్టెన్ అంటే మేజర్‌కు కింది అధికారి, నౌకాదళపు లెఫ్టినెంట్‌తో సమానం. నౌకాదళపు కెప్టెన్ అయితే సైన్యంలో కల్నల్‌కు సమానం. ఒకే మాటకు రెండు దళాల మధ్య మూడు మెట్ల తేడా ఉందన్నమాట.

అయితే మీ కథలోని చిక్కు ఈ వరుసతో విడిపోదు. కెప్టెన్ అన్నది ఒక హోదా పేరు, ఒక బాధ్యత పేరు కూడా. ఓడ ఎవరి అధీనంలో ఉంటే, వారి హోదా ఏదైనా, ఆ ఓడకు వారే కెప్టెన్. మన విశాఖపట్నం సముద్రంలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి అక్కడ మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీకి నాయకుడు కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్. అది వెతుక్కుంటూ వచ్చిన విక్రాంత్‌కు కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్. ఆ రాత్రి విశాఖ నుంచి బయలుదేరిన మన యుద్ధనౌక రాజ్‌పుత్‌కు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. ముగ్గురివీ మూడు హోదాలు. తమ తమ ఓడల్లో మాత్రం ముగ్గురూ కెప్టెన్లే. మీ రచయిత కూడా ఇదే సంప్రదాయాన్ని పాటిస్తున్నాడు. అతని పాత్ర హోదాలో కమాండర్, ఓడకు కెప్టెన్. కాబట్టి మూలంలో పొరపాటు లేదు.

తెలుగులో దీన్ని ఎలా చూపాలి? పేరుకు ముందు హోదాను పెట్టండి, ఓడ పేరుకు పక్కన బాధ్యతను పెట్టండి. 'రాజ్‌పుత్ కెప్టెన్ ఎవరు?' 'లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్.' ఇలా రాస్తే చదివేవారు తడబడరు. రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన పడి 'కెప్టెన్ కమాండర్ ఫలానా' అని వచ్చేచోట 'ఓడ బాధ్యత చూస్తున్న కమాండర్ ఫలానా' అని విడమరచడమే మేలు.

'నౌకాధిపతి' నాకు నచ్చలేదు. పత్రికల్లో 'నౌకాదళాధిపతి' అని ఢిల్లీలో కూర్చునే మొత్తం దళానికి పెద్ద అయిన అడ్మిరల్‌ను అంటున్నాం. నడుమ ఒక్క 'దళ' జారితే ఒక ఓడ అధికారి, మొత్తం నౌకాదళానికి పెద్ద ఒకరైపోతారు. పైగా అధిపతి అంటే యజమాని అన్న అర్థం కూడా ఉంది, ఓడను కొన్నవాడని కూడా తోస్తుంది. మనకు సరంగు, తండేలు అనే మంచి మాటలున్నాయి. గోదావరి లాంచీకి సరంగు, శ్రీకాకుళం మత్స్యకారుల పడవకు తండేలు. ఆ పడవలకు అవి ప్రాణమున్న మాటలు. వందల మంది సిబ్బంది ఉన్న యుద్ధనౌకకు వాటిని తెస్తే పాఠకుల ముందు వేరే మనిషి నిలబడతాడు. సరంగు తన చేత్తో చక్రం పట్టుకుంటాడు. యుద్ధనౌక కెప్టెన్ పట్టుకోడు.

'చుక్కాని చేపట్టాడు' అన్నచోట ఇబ్బంది కూడా అదే. పార్టీ చుక్కాని, సంస్థ చుక్కాని అని రాసుకోవచ్చు, అక్కడ నిజమైన చుక్కాని ఏదీ లేదు. ఓడ కథలో చుక్కాని నిజంగా ఉంది, దాన్ని పట్టుకునే నావికుడు కూడా ఉన్నాడు. మీ వాక్యం చదివితే కెప్టెన్ వెళ్లి ఆ నావికుడి పక్కకు చేరినట్టుంది. 'ఓడ బాధ్యతలు స్వీకరించాడు' అనండి, చాలు. రాత్రి కెప్టెన్ నిద్రకు వెళ్తూ ఓడ నడకను కాపలా వేళ అధికారికి అప్పగించే సన్నివేశాలు ఇలాంటి కథల్లో తరచూ వస్తాయి. అక్కడ 'బాధ్యతలు అప్పగించాడు' అని రాయకండి. నడక మాత్రమే చేతులు మారుతుంది. ఓడ ఇసుకమేట ఎక్కితే మరునాడు జవాబు చెప్పుకోవలసింది నిద్రలో ఉన్న కెప్టెనే. 'కాసేపు ఓడ నడక మీరు చూడండి' అంటే సరిపోతుంది.

అడ్మిరల్ సంగతి. ఆయన ఎక్కినంత మాత్రాన ఓడ ఆయనది కాదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళపు నెల్సన్ వైస్ అడ్మిరల్ హోదాలో విక్టరీ అనే ఓడలో ఉన్నాడు. మొత్తం నౌకల గుంపుకు ఆజ్ఞ ఆయనది. విక్టరీకి మాత్రం కెప్టెన్ థామస్ హార్డీ. కాల్పనిక కథలు ఈ గీతను తరచూ చెరిపేస్తాయి. 1979 నాటి స్టార్ ట్రెక్ సినిమాలో అడ్మిరల్ కిర్క్ వచ్చి ఓడను తనే తీసుకుంటాడు. అప్పటిదాకా కెప్టెన్‌గా ఉన్న డెకర్‌ను తాత్కాలికంగా కమాండర్ హోదాకు దించుతారు. కథకు ఆ రాపిడి కావాలి, అందుకని అలా కల్పించారు. మీ కథలో రచయిత ఏ దారి పట్టాడో ఆజ్ఞల ఆనుపానులు చూసి పోల్చుకోండి. నిజమైన పద్ధతిలో అడ్మిరల్ 'ఓడను కుడికి మళ్లించమని చెప్పండి' అంటాడు. కెప్టెన్ నావికుడితో 'కుడికి మళ్లించు' అంటాడు. ఇంగ్లీషులో రెండూ ఇంచుమించు ఒకేలా ఉండవచ్చు. తెలుగులో 'చెప్పండి', 'మళ్లించు' అన్న క్రియలే ఎవరి ఆజ్ఞ ఎంతవరకో చూపిస్తాయి. మన భాషకున్న ఈ సదుపాయాన్ని వాడుకోకుండా అందరి నోటా 'మీరు' పెట్టేసిన అనువాదాలు చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మీ కథలో వైద్యాధికారి ఉంటే ఒక మాట. నౌకాదళ వైద్యుల హోదా ముందు 'సర్జన్' చేరుతుంది: సర్జన్ కమాండర్, సర్జన్ కెప్టెన్. ఆ మాటను ఎగరగొట్టకండి. కెప్టెన్ గాయపడితే హోదాలో ఎంత పెద్ద వైద్యుడున్నా ఓడ బాధ్యత ఆయనకు రాదు, ఓడ నడిపే శాఖలోని తర్వాతి అధికారికి వెళ్తుంది.

'గ్రూప్ కెప్టెన్' విషయంలోనూ ఇదే జాగ్రత్త. అది వాయుసేనలో కల్నల్‌కు సమానమైన హోదా. కుదించి 'కెప్టెన్' అంటే, దాన్ని సైన్యపు కెప్టెన్ అనుకునేవారి దృష్టిలో మనిషిని మూడు మెట్లు దించినట్టే. 2025 జూన్‌లో గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు ఆ యాత్రకు కమాండర్ పెగ్గీ విట్సన్. ఆమె జీవరసాయన శాస్త్రవేత్త, సైనిక హోదా లేదు. అక్కడ కమాండర్ అన్నది బాధ్యత, గ్రూప్ కెప్టెన్ అన్నది హోదా. మీ కథ అంతరిక్షానిది కాబట్టి 'కమాండర్' కనిపించిన ప్రతిచోటా ముందు ఆ తేడా చూసుకోండి. బాధ్యత అయితే 'యాత్రా నాయకురాలు' అని తెలుగులో నిస్సంకోచంగా రాయవచ్చు. హోదా అయితే ఉన్నదున్నట్టు ఉంచండి.