రాత్రి అన్నం మానేసిన చెల్లికి

చెల్లీ, బాబుకి మూడో నెల వచ్చినా ఇంకా 9 కిలోలు తగ్గలేదని రాత్రి అన్నం మానేశావు, ఇప్పుడేమో పాలు చాలట్లేదని టెన్షన్ పడుతున్నావు. ముందు ఆ మానేయడం ఆపు. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజూ సుమారు 600 కేలరీలు అదనంగా కావాలి. వారానికి అర కిలో తగ్గినా చాలు. బాబు రోజుకు ఆరుసార్లకు పైగా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే.

విజయనగరంలో నా రెండో కాన్పు తర్వాత నాకు కలిసొచ్చింది చోడి అంబలే, అదే రాగి అంబలి. రాత్రి చోడిపిండి జావ కాచి, చల్లారాక కాస్త అన్నం కలిపి కుండలో ఉంచితే పొద్దుటికి లేతగా పులుస్తుంది. మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలు నంజుకుంటూ పెద్ద గ్లాసుడు తాగితే పదకొండింటి దాకా లడ్డూ డబ్బా గుర్తొచ్చేది కాదు. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి తోటకూర పప్పో, గుడ్డో, నెత్తళ్ల పులుసో పెంచు. అత్తగారి సున్నుండలంటావా, ఒకటి తినేయ్, వాదన ఎందుకు!

ఐరన్ మాత్రలు కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి, టీతో మాత్రం వద్దు. సిజేరియన్ అయితే డాక్టరు సరేనన్నాకే పొట్ట వ్యాయామాలు. నీరసం మరీ ఎక్కువగా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకో.