అమ్మ పేరున పిల్లల టీకాలకు విరాళం: ఎంత, ఎవరికి, ఎలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నేనూ మావారూ ప్రైవేటు ఉద్యోగులం. నెలకు చేతికొచ్చేది నాకు 60,000, ఆయనకు 50,000. ఇంటి లోన్ ఈఎంఐ 28,000, పాప ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 45,000 దాకా అవుతుంది. సేవింగ్స్ ఖాతాలో 80,000 ఉన్నాయి. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చిందే. మా అమ్మ ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యారు, పోయిన ఏడాది కాలం చేశారు. టీకాల రోజు వచ్చిందంటే ఐస్‌ప్యాకులు సర్దిన డబ్బా భుజానికి తగిలించుకుని ఊళ్లు తిరిగిన మనిషి. ఆమె ఎఫ్‌డీ డబ్బులో నా వాటాకు 6 లక్షలు వచ్చాయి. అందులో 3 లక్షలు ఆమె పేరున చిన్నపిల్లల టీకాల ప్రచారానికి ఇవ్వాలని ఉంది. ‘ఒక ప్రాణం కాపాడండి’ అంటూ ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లలో దేన్ని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ట్యాక్స్ కూడా కలిసొస్తుందని తమ్ముడు అంటున్నాడు. ఒకేసారి ఇచ్చేయమంటారా?

జవాబు: తప్పకుండా ఇవ్వండి. అయితే 3 లక్షలు కాదు, 2,40,000. అదీ ఒకేసారి వద్దు, నెలకు 4,000 చొప్పున ఐదేళ్లు ఇవ్వండి.

ముందు లెక్క చూద్దాం. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 73,000 మీకు తప్పవు. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలే కాబట్టి ఆరు నెలల ఖర్చు, అంటే 4,38,000, ఎప్పుడూ చేతికి అందేలా ఉండాలి. ఖాతాలో ఉన్న 80,000 పోగా ఇంకో 3,58,000 కావాలి. అందుకే 3,60,000 ఎఫ్‌డీలోనే ఉంచి, దాన్ని ముట్టుకోకండి. ఇది మీ కుటుంబం కోసం మాత్రమే చెప్పడం లేదు. ఏడాది తిరిగేసరికి ఏదో అవసరం వచ్చి మీరు విరాళం ఆపేస్తే, ఆ డబ్బు మీద జీతం ఆధారపడి, పిల్లల్ని టీకాలకు తీసుకొచ్చే ఫీల్డ్ వర్కర్ పని కూడా ఆగిపోతుంది. ఆఫీసు బీమా ఉద్యోగం ఉన్నన్నాళ్లే కాబట్టి, నెలనెలా మిగులుతున్న జీతంలోంచి ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు.

ఇక అసలు విషయం. మీరు ఇచ్చే డబ్బు టీకాలు కొనడానికి అక్కర్లేదు. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద ప్రభుత్వమే వాటిని ఉచితంగా వేస్తోంది. విరేచనాల నుంచి కాపాడే రోటావైరస్ టీకాను 2016లో దేశంలో అందరికంటే ముందు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ప్రైవేటులో డోసుకు వేలు పోయాల్సిన న్యుమోనియా టీకా పీసీవీ కూడా ఇప్పుడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితమే. అందువల్ల ‘మీ 500తో ఒక పాపకు టీకా కొంటాం’ అని మన దగ్గర ఎవరైనా అడిగితే, ఆ 500 ఎక్కడికి పోతుందో వాళ్లను అడగాల్సిందే.

మరి మీ డబ్బుతో పనేమిటంటారా? టీకా ఉంది, వేసే నర్సమ్మ ఉంది, పాప అక్కడ లేదు. సమస్యంతా ఇక్కడే. మిరప కోతల కాలంలో మన చుట్టుపక్కల పొలాల్లో చూడండి. వేరే జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కుటుంబాలు చంటిపిల్లలతో సహా కూలికి దిగుతాయి. ఇటుక బట్టీల దగ్గరా అంతే. తల్లులు తెల్లవారుతుండగానే పనిలోకి వెళ్లి పొద్దుగూకాక వస్తారు. టీకా కార్డు సొంతూళ్లో ఏ ట్రంకుపెట్టెలోనో ఉండిపోతుంది. ఏ డోసు పడిందో, ఏది పడలేదో తల్లికి గుర్తుండదు. ఇటు చూస్తే, తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకా పొడిని ఒకసారి ద్రావణంలో కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారబోయాల్సిందే. తల్లులు పని దిగివచ్చేదాకా ఆ సీసా ఆగదు. మీ అమ్మగారికి ఈ బాధ బాగా తెలిసే ఉంటుంది.

కాబట్టి ముందురోజు సాయంత్రమే గుడిసెల దగ్గరకు వెళ్లి పేర్లు రాసుకునే మనిషి కావాలి. మేస్త్రీతో మాట్లాడి ఆ తల్లులకు గంటసేపు వెసులుబాటు ఇప్పించాలి, పిల్లల్ని తీసుకొచ్చే ఆటోకు కిరాయి కట్టాలి. జ్వరం వస్తుందని భయపడే అవ్వకు ఓపికగా చెప్పాలి. విరాళంగా వచ్చే డబ్బుకు ఇంతకన్నా మంచి ఖర్చు నాకు కనిపించడం లేదు. తట్టు పాకకుండా ఉండాలంటే నూటికి 95 మంది పిల్లలకైనా రెండు డోసులూ పడాలి. మిగిలిపోయేది ఎప్పుడూ ఈ పిల్లలే.

ఐదేళ్లు ఎందుకన్నానో టీకా కార్డు చూస్తే తెలుస్తుంది. పుట్టగానే క్షయకు బీసీజీ, ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఐదు జబ్బులకు కలిపి ఒకే సూదిగా వేసే పెంటా, తొమ్మిది నెలలకు ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి ఎంఆర్, ఐదేళ్లు నిండాక డీపీటీ బూస్టర్. ఒకే రోజు పెద్ద క్యాంపు పెట్టి బ్యానర్ కట్టి ఫొటోలు దిగితే ఈ కార్డు నిండదు. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే ఎస్ఐపీ లాగే ఇక్కడా కిస్తీ తప్పకపోవడమే ముఖ్యం. 2,40,000ను 48,000 చొప్పున ఐదు భాగాలు చేయండి. మొదటిది సేవింగ్స్‌లో ఉంచి నెలనెలా ఇవ్వండి. మిగతా నాలుగూ ఒకటి, రెండు, మూడు, నాలుగేళ్ల ఎఫ్‌డీలుగా వేయండి. ఏటా ఒకటి చేతికొస్తుంది. వచ్చే వడ్డీ మీ ఇష్టం, పాప చదువుకు వాడుకున్నా తప్పులేదు.

ట్యాక్స్ సంగతి రెండు మాటల్లో చెప్తాను. మీ ఇద్దరిలో ఎవరి ఏడాది ఆదాయమూ 12 లక్షలు దాటదు. 2025-26 నుంచి కొత్త విధానంలో అంతవరకు జీతాల మీద పన్నే పడదు, ఆ విధానంలో విరాళాలకు ఇచ్చే 80జీ మినహాయింపు కూడా లేదు. కాబట్టి మీకు కలిసొచ్చేదేమీ లేదు, తమ్ముడికి అదే చెప్పండి. పాత విధానంలో ఉన్న పాఠకులకైతే చాలా ట్రస్టుల విషయంలో ఇచ్చినదాంట్లో సగమే ఆదాయంలోంచి తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారు 10,000 ఇస్తే ఆదా అయ్యేది వెయ్యి పైచిలుకు. 2,000 దాటిన నగదుకు అదీ రాదు.

ఎవరికివ్వాలి? రోటరీ 1985లో మొదలుపెట్టిన పోలియోప్లస్ లాంటి పెద్ద ప్రచారాలు మంచివే. 2014 మార్చి 27న మన దేశం పోలియో రహితమని ధ్రువీకరణ అందుకోవడంలో వాళ్ల చెమట ఉంది. వైల్డ్ పోలియో, అంటే సహజంగా వ్యాపించే పోలియో వైరస్, ఇంకా పూర్తిగా పోని పాకిస్థాన్, అఫ్గానిస్థాన్‌లలో ఆ పని ఇంకా సాగుతోంది. కానీ మీ అమ్మగారు తిరిగిన దారులు గుర్తుపెట్టుకుని ఇవ్వాలనుకుంటే, మన జిల్లాలోనే వలస కూలీల పిల్లలతో పనిచేసే ఒక సంస్థను వెతకండి. 4,000ను నాలుగు చోట్లకు పంచకండి. రిజిస్ట్రేషన్, ఆడిట్ లెక్కలు చూడటం ఎలాగూ ఉంటుంది. వాటితో పాటు ఈ ఒక్క ప్రశ్న అడగండి: పోయిన ఏడాది మీరు తీసుకెళ్లిన పిల్లల్లో ఎంతమందికి మొదటి పెంటా పడింది, వాళ్లలో ఎంతమందికి మూడోది కూడా పడింది? పని చేసేవాళ్ల దగ్గర ఈ లెక్క రిజిస్టర్‌లో ఉంటుంది. ఎన్ని క్యాంపులు పెట్టారో, ఎన్ని కరపత్రాలు పంచారో చెప్పి ఊరుకుంటే ఇంకోచోట చూసుకోండి. వ్యక్తుల ఫోన్ నంబర్లకు యూపీఐలో మాత్రం పైసా పంపవద్దు, సంస్థ పేరున్న బ్యాంకు ఖాతాకే పంపండి.

అమ్మగారి జ్ఞాపకార్థం అని రసీదులో రాయించుకోవచ్చు. పేరు, పాన్ మాత్రం మీవే ఉండాలి. ఎఫ్‌డీల పని ఈ వారమే చేసుకోండి, మీవారిని నామినీగా పెట్టించండి. మొదటి 4,000 మాత్రం ఆ పెంటా ప్రశ్నకు జవాబు వచ్చాకే పంపండి.