జువెనైల్ హోమ్‌లో పాఠాలు చెబుతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి బీఈడీ చివరి సెమిస్టర్‌లో ఉంది. కాలేజీ వాళ్లతో ఒకసారి అబ్జర్వేషన్ హోమ్‌కు (నేరారోపణ ఉన్న మైనర్లను ఉంచే చోటు) వెళ్లొచ్చింది. అప్పటి నుంచి ఆ పిల్లలకే చదువు చెబుతానంటోంది. డీఎస్సీ మాటెత్తితే వినడం లేదు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇందులో స్థిరమైన ఉద్యోగం ఉంటుందా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, పనికైతే కొదవ లేదు. మీరు కోరుకునే పర్మనెంట్ టీచర్ పోస్టే అరుదు. హోమ్‌లలో పాఠాలు చెప్పేవాళ్లు చాలావరకు పార్ట్‌టైమ్ వాళ్లో, కాంట్రాక్టు వాళ్లో, స్వచ్ఛంద సంస్థల తరఫున వచ్చేవాళ్లో అయి ఉంటారు. అక్కడ చదువు సరిగా నడవాలంటే హోమ్ సూపరింటెండెంట్, పిల్లల నేపథ్యం విచారించి వాళ్ల బాగోగులు చూసే ప్రొబేషన్ ఆఫీసర్ పట్టించుకోవాలి. కాబట్టి అమ్మాయి గురి ఆ కుర్చీల మీద ఉంటే మంచిది. తెలంగాణ 2022 గ్రూప్-2 నోటిఫికేషన్‌లో జిల్లా ప్రొబేషన్ ఆఫీసర్ పోస్టులు కూడా ఉన్నాయి.

ఇక పని సంగతి. అబ్జర్వేషన్ హోమ్‌లో ఉండేది ఇంకా విచారణ తేలని పిల్లలు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం విచారణ 4 నెలల్లో ముగియాలి. బెయిల్ వస్తే ఆలోపే ఇంటికి వెళ్లిపోతారు. సోమవారం భిన్నాలు మొదలుపెడితే గురువారానికి బెంచీ మీద కొత్త ముఖాలుంటాయి. అందుకే ఏ రోజు పాఠం ఆ రోజే అయిపోవాలి. బీఈడీలో నేర్పిన వార్షిక ప్రణాళిక ఇక్కడ చెల్లదు. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకడు ఇంటర్ చదువుతుంటాడు, ఇంకొకడు నాలుగో తరగతిలోనే బడి మానేసి మెకానిక్ షెడ్‌లో చేరి ఉంటాడు. వాడికి తన పేరు రాయాలంటే చెయ్యి వణుకుతుంది. అదే నట్టు చూపిస్తే ఎన్నో నంబరు స్పానర్ కావాలో టక్కున చెబుతాడు. వాడికి లెక్కలు ఆ స్పానర్ దగ్గరే మొదలుపెట్టాలి. 'ఏం చేసి వచ్చావు?' అని మాత్రం అడగకూడదు. కొత్తగా వెళ్లినవాళ్లు చేసే మొదటి తప్పు అదే.

స్పెషల్ హోమ్ వేరు. తప్పు చేశారని జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు విచారించేది) తేల్చిన పిల్లల్ని అక్కడ గరిష్ఠంగా 3 ఏళ్లు ఉంచొచ్చు. ఓపెన్ స్కూల్ ఫీజు కట్టించి పదో తరగతి పాస్ చేయించేంత వ్యవధి ఉంటుంది. పాఠం చెప్పడమే ఇష్టమైన మనిషికి నేనైతే ఇదే సూచిస్తాను.

మీ అమ్మాయిని డీఎస్సీ రాయమనే చెప్పండి, చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఈ దారే కావాలంటే బీఈడీ తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తే మంచిది. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీ ఉంది, ముంబై వెళ్లగలిగితే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) ఉంది. అంతకంటే ముందు ఏదైనా సంస్థ ద్వారా అనుమతి తీసుకుని, వారానికి రెండు రోజుల చొప్పున ఆరు నెలలు హోమ్‌కు వెళ్లి రానివ్వండి. ఒక్క రోజు విజిట్‌లో కలిగిన జాలి ఎన్నాళ్లుంటుందో అప్పుడు తనకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. అక్కడి పిల్లల ఫొటో గానీ పేరు గానీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దని ముందే చెప్పండి. వాళ్లెవరో బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 74 కింద 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.